ఒట్టు లేని గాజులు

గాజుల వ్యాపారంలో ఒట్టు పెట్టని మనిషిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "నా పిల్లల మీద ఒట్టు, కొన్న ధర కూడా పడలేదు" అంటారు. "అల్లా కసమ్, ఈ మెరుపు పోదు" అంటారు. మెరుపు పోతుంది. పండుగ దాటకముందే పోతుంది. మా అమ్మ పాపన్నపేట పక్క ఊళ్లన్నీ గాజుల మలారం భుజాన వేసుకుని తిరిగి గాజులు అమ్మిన మనిషి. గాజు ఎక్కించేటప్పుడు చెయ్యి ఎలా నలపాలో నేర్పకముందే ఆమె నాకు నోరు కట్టుకోవడం నేర్పింది. "ఒట్టు పెడితే సరుకు పోతది బిడ్డా. దాని ఎంబడే బర్కత్ కూడ పోతది" అనేది. బర్కత్ అంటే సంపాదనలో నిలిచే దీవెన. నేను పెళ్లై మెదక్ వచ్చి, బజార్లో గాజుల దుకాణం పెట్టి, నా కొడుక్కి పెళ్లి చేసిన ఇన్నేళ్లలో గల్లాపెట్టె దగ్గర ఒక్క ఒట్టు పెట్టలేదు.

ఇదంతా భక్తి అనుకునేరు. సగం భక్తి, సగం లెక్క. ఒట్టు పెట్టే దుకాణంలో బేరం సాగుతూనే ఉంటుంది. ఒట్టు లేని దుకాణంలో గిరాకీ రెండు మాటల్లో తేల్చుకుని పోతుంది. తాజ్ బీ మాటంటే మాటే అన్న పేరు నాకు పెట్టుబడి. ఆ శ్రావణమాసంలో అదే పెట్టుబడి నా మెడకు ఉరి అయింది.

ఎరువుల దుకాణం ఎల్లేష్ సేటు ఇంట్లో పెళ్లి. కొడుకు అఖిల్‌ను పెళ్లికొడుకును చేసే రోజున ఇంటి ఆడవాళ్లందరికీ గాజులు తొడగడానికి నన్ను పిలిచారు. ఆ ఇంటికి గాజులు తొడగడం నాకు కొత్త కాదు. ఎల్లేష్ తల్లి కిష్టవ్వకు నేను మెదక్‌కు కొత్త కోడలిగా వచ్చిన ఏడు నుంచీ తొడిగాను. రెండేళ్ల కింద ఆమె భర్త పోయాడు. అప్పటి నుంచి ఆమె చేతికి గాజు లేదు. సన్నటి బంగారు కడియాలు రెండు మాత్రం ఉన్నాయి. గాజులు తొడిగే చోట వితంతువు కూర్చోకూడదు కాబట్టి ఆ రోజు ఆమె అవతల, వంటింటి గడప మీద కూర్చుని చూస్తూ ఉంది.

"జర చూసి ఎక్కియ్యి తాజ్ బీ, పెండ్లి ఇల్లు. ఒక్కటి కూడ చిట్లొద్దు" అంది కోడలు భూలక్ష్మి, పెళ్లికొడుకు తల్లి.

"చెయ్యి వదులు పెట్టు తల్లీ. నువ్వు గిట్ల బిగవడితే గాజేం జేస్తది."

"దాని చెయ్యి ముందు సంది గట్టిదేనే. రూపాయి కూడ జారదు" అంది గడప మీద నుంచి కిష్టవ్వ. ఆడవాళ్లందరూ నవ్వారు. భూలక్ష్మి కూడా నవ్వింది, నవ్వేసరికి చెయ్యి వదులైంది, గాజు ఎక్కింది. అత్త కావాలనే అన్నదని నాకు అర్థమైంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. సబ్బు నీళ్లతో గాజులు ఎక్కించే ముందు చేతికున్న బంగారం తీసి గాజులామె పక్కన పళ్లెంలో వేస్తారు. పిల్లాజెల్లా తిరిగే పెళ్లింట్లో గాజులామె మోకాలి పక్కన ఉన్న పళ్లెం కంటే భద్రమైన చోటు లేదని మా అమ్మ కాలం నుంచి నమ్మకం. భూలక్ష్మి తన బంగారు గాజులు రెండూ తీసి ఆ పళ్లెంలో వేసింది. మట్టిగాజులు ఎక్కగానే, వంటవాళ్లు పిలుస్తున్నారని లేచింది.

"బంగారం తీస్కపో తల్లీ" అన్నాను.

"చేతులు తడిగున్నయి. గా గూట్లె పెట్టు, మల్లొచ్చి తీస్కుంట."

పని ముగిసేసరికి పళ్లెంలో ఆ రెండు గాజులే మిగిలాయి. లేచి, హాల్లో దేవుడి పటాల కింద ఉన్న గూట్లో పళ్లెం పెట్టాను. ఆ పక్కనే అఖిల్ ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. "నాకు తొడగవా తాజ్ బీ?" అన్నాడు. "నీకు తొడిగేది వస్తది లే, ఇంక నాలుగొద్దులు ఓపిక పట్టు" అన్నాను. నవ్వాడు. నా గాజులు కట్టుకుని ఇంటికి వచ్చాను.

మరునాడు దుకాణం తీసేసరికి ఎల్లేష్, భూలక్ష్మి మెట్ల ముందు నిలబడి ఉన్నారు. గూట్లో పళ్లెం ఉంది, పళ్లెంలో ఒక్క గాజే ఉంది.

"రెండు పెట్టిన సేటూ" అన్నాను.

"ఒక్కటే ఉన్నది."

"అయితే స్టేషన్ల చెప్పుండ్రి. నా ఇల్లు, నా దుకాణం వెతికియ్యుండ్రి. ఇప్పుడే రాండ్రి, నేనే తాళాలిస్త."

"పెండ్లి ఇల్లు. పోలీసోళ్లను గడప తొక్కనిస్తమా" అన్నాడు ఎల్లేష్. అప్పటికే నలుగురు ఆగి చూస్తున్నారు. ఆయన గొంతు తగ్గించలేదు. "నాకేం లొల్లి వద్దు తాజ్ బీ. మీ ఖురాన్ నెత్తి మీద పెట్టుకొని, నేను తియ్యలేదని ఒక్క మాట చెప్పు. గంతే. నేను నమ్ముత, ఊరు నమ్ముతది. గా గాజు నా ఖర్మలకు పోయిందనుకుంట."

చూడ్డానికి బేరం చవకగానే ఉంది. నేను తీయలేదు. ఉన్న మాట చెప్పి బయటపడొచ్చు. కానీ, ఆ రోజు ఆ ఇంట్లో వంటవాళ్లు తిరిగారు, టెంటువాళ్లు తిరిగారు, చుట్టాలు తిరిగారు. వాళ్లలో ఎవరి నెత్తి మీదా ఏ దేవుడినీ పెట్టమనలేదు. నన్నే అడిగారు. ఈ రోజు ఒక గాజు కోసం పెడితే, రేపు ఎవరి ముక్కుపుల్ల పోయినా నా కితాబు మళ్లీ నెత్తికెక్కాలి. మలారం పట్టుకుని ఊళ్లు తిరిగే మా వాళ్లలో ప్రతి ఆడదాని నెత్తికీ ఎక్కాలి. తరాజులో తక్కువైనప్పుడు వేసే రాయిలా అల్లా మాటను నా మాట పక్కన వేయలేను.

"నేను తియ్యలేదు. ఒట్టు మాత్రం పెట్టను" అన్నాను.

భూలక్ష్మి నన్ను చూసిన చూపు ఇప్పటికీ కళ్ల ముందుంది. అప్పటిదాకా ఆమెకు అనుమానమే. ఆ నిమిషంలో నమ్మకమైంది. "నిజమైతే ఎందుకు పెట్టవు?" అంది. ఆ ప్రశ్నే ఊరంతా తిరిగింది.

శ్రావణం మాకు ఏడాది తిండి పెట్టే నెల. పెళ్లిళ్లు, నోములు, పేరంటాలు. అద్దాల బీరువా నిండా ఆకుపచ్చవీ ఎర్రవీ డజన్ల కొద్దీ దారాలకు కట్టి పెట్టుకున్నాను. గిరాకీ లేని గాజుల మీద దుమ్ము ముందు ఆకుపచ్చ రంగు మీద కనిపిస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఒకసారి తుడిచేదాన్ని. పెళ్లిళ్లకు పిలుస్తామన్న వాళ్లు ఫోన్ చేసి, "మా చుట్టాలామె ఉన్నదట, ఏమనుకోకు" అనేవాళ్లు. కొందరు ఆ ఫోన్ కూడా చేయలేదు.

ఒక మధ్యాహ్నం శంకరంపేట నుంచి తల్లీ కూతురూ వచ్చారు. ఊరి సంగతి తెలియదేమో అనుకున్నాను. పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టింది. మెత్తటి చెయ్యి, రెండు నాలుగు సైజు. సబ్బు అందుకుంటున్నాను. తల్లి చప్పున పిల్ల చెయ్యి వెనక్కి లాగింది. "ఆగు. ముందు నీ ఉంగరం నాకియ్యి" అంది. ఉంగరం తీసి రవికలో దాచుకుని, "ఇగ తొడుగు" అంది.

తొడిగాను. కణుపు మీద తొందరపడి నొక్కాను, ఒక గాజు చిట్లింది. చిట్లిన గాజు నష్టం మాదే, అది పద్ధతి. "పనితనం కూడ గింతేనా" అంటూ లేచిపోయారు.

మా ఇల్లు దుకాణం వెనకే. నా భర్త హకీం పెరట్లో బొగ్గుల పొయ్యి పెట్టుకుని లక్క గాజులు చేస్తాడు. సరుకు కదలకపోతే లక్క కరిగించి ఏం లాభం? పొయ్యి ఆరిపోయింది. ఆయన మాటలు మొదటి నుంచీ తక్కువే. ఆ నెలలో పూర్తిగా మానేశాడు. పొయ్యి పక్కన కూర్చుని చల్లటి బొగ్గులను చువ్వతో అటూ ఇటూ జరిపేవాడు.

నా కొడుకు ముజఫర్ పాపన్నపేటకు షేర్ ఆటో నడిపేవాడు. ఒక రోజు పట్టపగలే బండి తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. కోడలు సానియాకు అప్పుడు ఏడో నెల.

"ఏమైందిరా?"

"ఆటోల కూసున్నోడు అంటుండు, ‘గాజులామె కొడుకువా, నీ బండిల బంగారం ఏస్కోని కూసోవచ్చునా’ అని. అందరు నవ్విన్రు. మధ్యల దించేసిన." వాడు నా ఎదురుగా కూలబడ్డాడు. "అమ్మీ, నువ్వు తియ్యలే. నాకు తెలుసు. నిజానికి ఒట్టు పెడితే ఏమైతది? ఒక్క మాట. గొంతు కోసుకొమ్మంటలేను కద."

"ఇయ్యాల నేను పెడితే రేపు సానియాతోని పెట్టిస్తరు."

"సానియా గాజులు తొడగది. నేను తొడగనియ్య." లేచాడు. "నీకు నీ జిద్దే, నీ పంతమే కావాలె. అల్లా పేరు మీద నీ జిద్దు. మేమేమైపోయినా సరే."

సానియా తలుపు పక్కన నిలబడి ఏడుస్తోంది. సాయంత్రానికి బట్టలు సర్దుకున్నారు. నర్సాపూర్‌లో ఆమె పుట్టింటికి పోతున్నాం అన్నారు. కాన్పు దాకా అనుకున్నాను. "అక్కడ్నే బండి నడుపుకుంట" అన్నాడు ముజఫర్. ఆటో మలుపు తిరిగేదాకా హకీం వాకిట్లో నిలబడి చూశాడు. లోపలికి వచ్చి, "మనుమడు ఎక్కడ పుడితే ఏంది లే" అన్నాడు. అప్పటికి ఆ నెలలో ఆయన నాతో అన్న మాట అదొక్కటే.

ఆ మరునాడు మధ్యాహ్నం షట్టర్ సగం దించి ఇంట్లోకి వచ్చాను. కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని ఖురాన్ గుడ్డ విప్పాను. చదువుకోవడానికి కాదు, నిలదీయడానికి. యూసుఫ్ ప్రవక్త కథ తీశాను. ఆయనను బావిలో వేసింది తోడబుట్టినవాళ్లు. చేయని తప్పు మోపింది తిండి పెట్టిన ఇంటి ఆడది. జైలులో మరిచిపోయినవాడు ఆయన దగ్గరే మేలు పొందినవాడు. లెక్క చూస్తే ప్రతి చోటా నష్టమే. కొడుకును పోగొట్టుకుని కళ్లు పోయేలా ఏడ్చిన తండ్రి యాకూబ్ మాత్రం ఒక మాట అంటాడు, నా బాధ నేను అల్లాకే చెప్పుకుంటానని. ఆ చోట వేలు పెట్టుకుని కూర్చున్నాను.

"చెప్పుకుంటున్న కద" అన్నాను పైకే. "నీకే చెప్పుకుంటున్న. నీ పేరు బజార్ల పెట్టొద్దని నా కొడుకును పోగొట్టుకున్న. నువ్వొక్క మాట చెప్పరాదా? గూట్లె రెండు పెట్టింది నువ్వు చూసినవు కద. సాక్షివి నువ్వొక్కనివే ఉన్నవు, నువ్వే మాట్లాడవు."

గోడ మీద బల్లి కూడా అరవలేదు. గుడ్డ చుట్టి కితాబు పైన పెట్టి, మళ్లీ పోయి షట్టర్ ఎత్తాను. నమాజు మాత్రం మానలేదు. ఎందుకు మానలేదని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. మిగిలిన తలుపు అదొక్కటే, అది కూడా నా చేత్తో నేనే మూసుకుంటే ఇంక నిలబడటానికి చోటేది?

హకీం అన్న, నా బావగారు జుల్ఫికర్ మసీదు కమిటీకి పెద్ద. ఆ సాయంత్రం ఆయన వచ్చారు. కూర్చోలేదు.

"ఇమాం సాబ్‌ను అడిగిన. నిజమైన ఒట్టు గునా కాదు, పాపం తగలదన్నడు" అన్నారు.

"గునా కాదని నాకు కూడ తెలుసు భాయ్ సాబ్."

"మరి? ఎల్లేష్ ఎక్కడ కూసుంటే అక్కడ ఇదే ముచ్చట చెప్తుండు. ఒక్కదాని తోని అందరి పేరు ఖరాబైతుంది. తురకోళ్లను ఇంట్లకు రానియ్యొద్దు అనేదాక వచ్చింది మాట. శుక్రారం జుమ్మా నాడు, నమాజైనంక, మసీదు గేటు కాడికి ఎల్లేష్‌ను రమ్మన్న. నలుగురి ముంగట తేల్చెయ్యి. లేకుంటే రేపు నీ ఇంట్ల మంచి చెడ్డలకు మా వంక చూడకు."

హకీం పొయ్యి దగ్గర నుంచి తల ఎత్తలేదు. ఖాళీగా ఉన్న కొడుకు గది వైపు చూశాను. మా అమ్మ మాట, నా వ్యాపారం లెక్క, తరాజు రాయి, అన్నీ ఆ ఖాళీ గది ముందు తేలిపోయాయి.

"పెడ్త" అన్నాను.

గురువారం పొద్దున వాన పడుతోంది. పెరటి తలుపు ఎవరో తట్టారు. తీస్తే కిష్టవ్వ. కొంగు నెత్తి మీదకు లాక్కుని నిలువెల్లా తడిసి ఉంది. ఆ వయసులో అంత దూరం నడిచి వచ్చింది. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. చూరు కింద కూర్చుండిపోయింది.

"రేపు ఒట్టు పెడ్తవట."

"పెట్టిస్తున్నరు అవ్వా."

"పెట్టకు."

నాకు ముందు అర్థం కాలేదు. "నీ కొడుకే పెట్టుమంటుండు" అన్నాను.

"నువ్వు తియ్యలేదని నాకెరుక." ఆమె నా మొహం చూడటం లేదు, వాన నీళ్లు చూస్తోంది. "గడప మీదికెల్లి కనిపిస్తది గా గూడు. నువ్వు పొయినంక అఖిల్ తీసిండు. ఫోన్ల ఏదో ఆట ఆడుతడట, పైసలు పెట్టి. అప్పు కట్టుమని ఎవడో గల్ల పట్టిండట. నా కాళ్ల మీద పడ్డడు, చెప్తే సస్త అన్నడు. పెండ్లి ముంగటేసుకొని నేనేం జేతు చెప్పు. నోరు మూస్కున్న."

చూరు నీళ్లు నా పాదాల మీద పడుతున్నా నేను కదల్లేదు.

"ఇప్పుడు కొత్త పిల్ల ఉన్నది ఇంట్ల. మీ ఖురాన్ మీద ఒట్టంటే మాటలా? నువ్వు నిజం చెప్పినవంటే గా ఒట్టు తీసినోని మీద పడ్తది. ఆని నెత్తి మీద పడ్తది తాజ్ బీ. నీ కాళ్లు మొక్కుత, పెట్టకు."

నాకు నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు. "మా కితాబు దొంగల్ని పట్టే యంత్రం కాదు అవ్వా. నువ్వు చూసినవు కద. నువ్వు చెప్పు. నలుగురిల ఒక్క మాట నువ్వు చెప్తే అయిపోతది."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"నీ మనుమని కోసం నా కొడుకు ఇల్లిడిసి పోయిండు. నా మనుమడు పరాయి ఊర్ల పుడ్తడు. గిది నీకు మంచిగనే ఉన్నదా?" నా గొంతు పెరిగింది. "ముప్పై ఏండ్లు తొడిగిన నీకు. మీ ఆయన పోయిన నాడు నీ గాజులు తీస్తుంటే నేను గోడ పక్కన నిలబడి ఏడ్చిన. ఎవ్వరికి చెప్పలె."

కిష్టవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుస్తోందో ఏమో, వానలో తెలియలేదు. లేచి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఇప్పుడు నా చేతిలో సరుకుంది. అఖిల్ పేరు. బజార్లో ఆ పేరు ఒక్కసారి అంటే చాలు. కానీ చూసిన మనిషి చెప్పనంటోంది. సాక్షి లేకుండా నేనంటే, నా మీద వాళ్లు వేసిన నిందా, వాడి మీద నేను వేసే నిందా చూసేవాళ్లకు ఒక్కటే. పైగా గాజులామె తప్పించుకోవడానికి కొత్త పెళ్లికొడుకు మీద పడింది అంటారు. రోజంతా అటూ ఇటూ తూచాను. ఎటు తూచినా మొగ్గు నా వైపు లేదు. అసర్ నమాజులో నుదురు నేలకు ఆనించి సజ్దా చేసి చాలాసేపు లేవలేదు. అడగడానికి ఏ మాటా మిగల్లేదు.

శుక్రవారం నమాజు అయ్యాక మసీదు గేటు బయట జనం మూగారు. ఎల్లేష్ తనతో ఇద్దరిని తెచ్చుకున్నాడు. అఖిల్ రాలేదు. జుల్ఫికర్ భాయ్ రెండు చేతుల మీద ఖురాన్ పట్టుకుని వచ్చారు, ఆకుపచ్చ పట్టు గుడ్డలో. నేను బుర్ఖా ముసుగు మొహం మీద నుంచి తీశాను. మాట్లాడేటప్పుడు మొహం కనిపించాలని.

"కానియ్యి తాజ్ బీ" అన్నారు భాయ్.

కితాబు నా నెత్తికి జానెడు దూరంలో ఉంది. గుడ్డకు అంటిన అత్తరు వాసన వస్తోంది. ఒక్క మాటతో నా కొడుకు ఇంటికి వస్తాడు. ఉన్న మాటే. గునా కాదు. నోరు తెరిచాను. అప్పుడు చూశాను, ఎల్లేష్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు, బేరం తెగబోయేటప్పుడు గిరాకీ నిలబడ్డట్టు.

"నేను తియ్యలేదు" అన్నాను. "గింతే నా కాడ ఉన్న మాట. ఇంతకంటె పెద్దది లేదు. కితాబు లోపట పెట్టుండ్రి భాయ్ సాబ్. ఎండ తగులుతుంది."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. "తేలిపోయింది" అన్నాడు ఎల్లేష్. "చూసిన్రా? దేవుని కాడికొచ్చేసరికి నోరు పడిపోయింది." వెనక నుంచి ఎవరో దొంగ అన్నారు, తెలుగులో ఒకరు, ఉర్దూలో ఒకరు. జుల్ఫికర్ భాయ్ ఖురాన్‌ను గుండెకు ఆనించుకుని, "ఇయ్యాల్టి సంది నువ్వెవరో మేమెవరమో" అని లోపలికి వెళ్లిపోయారు.

హకీం నా పక్కనే నడిచి ఇంటికి వచ్చాడు. ఇంటికి వచ్చాక లోటాతో నీళ్లు ఇచ్చాడు. తాగలేకపోయాను. ఆ తర్వాత శని, ఆదివారాలు దుకాణం తీయలేదు. అమ్మేసి పోదామా అనుకున్నాను. నర్సాపూర్ పోదామా, పాపన్నపేట పోదామా, మంజీరలో దూకుదామా, ఇదే తిరుగుడు. ఆ మూడోది మా మతంలో హరామ్, చేయకూడనిది. హరామ్ కాకపోతే పోయేదాన్నేమో, నాకు తెలియదు. నన్ను ఆపిన కారణం అదొక్కటే అని మాత్రం తెలుసు.

సోమవారం పొద్దున హకీమే షట్టర్ ఎత్తాడు. "కూసో. దుమ్ము తుడుసుకుంటనన్న కూసో" అన్నాడు. కూర్చున్నాను.

బజారు నిండిన వేళ. ఎదుటి బట్టల దుకాణం ముందు ఆడవాళ్లు. చౌరస్తా వైపు నుంచి కిష్టవ్వ కర్ర పొడుచుకుంటూ వస్తోంది. నన్ను చూసి పక్కకు తిరుగుతుందనుకున్నాను. తిన్నగా వచ్చి మెట్టు ఎక్కింది. లోపలికి రాలేదు. గిరాకీలు కూర్చునే బల్ల మీద, వీధి వైపు మొహం పెట్టి కూర్చుంది.

"తొడుగు" అని చెయ్యి చాపింది.

"అవ్వా, ఏందిది?"

"మట్టిగాజులు. ఆకుపచ్చయి తియ్యి."

"నువ్వు... నీకు తొడగొద్దు అవ్వా."

"నా చెయ్యి. నా పైసలు. ఎవడొద్దంటడు?"

గట్టిగానే అంది. ఎదుటి దుకాణం ముందు మాటలు ఆగిపోయాయి. ఒకామె "అయ్యో కిష్టవ్వా, మతి పోయిందా" అంది. కిష్టవ్వ అటు చూడలేదు. నెమ్మదిగా కుడి చేతి కడియం తీసింది. ఎడమ చేతిది వేలి కణుపు దగ్గర పట్టేసింది. తిప్పి తిప్పి తీసింది. రెండూ వీధంతా చూస్తుండగా నా ఒళ్లో పెట్టింది.

"గివి నీ కాడ పెట్టు. గుడికి పోయి, కూరగాయలు తీస్కొని, బ్యాంకు కాడ పింఛన్ సంగతి అడిగి, పొద్దుమీకి వస్త. అప్పటిదాంక నీ కాడనే ఉండనియ్యి."

నోటితో ఆమె చెప్పలేకపోయిన సాక్ష్యం ఒళ్లో బరువుగా ఉంది. అయినా నేను వ్యాపారిని. నా లెక్క ఆగలేదు. ముండమోసినదానికి గాజులు తొడిగిన చెయ్యి అని రేపు అంటారు. మిగిలిన నాలుగు పేరంటాలు కూడా పోతాయి. ఈ చేతితో పెళ్లికూతురికి తొడిగించడానికి ఎవరు ఒప్పుకుంటారు? ఎటు చూసినా నష్టమే. ఆమెకూ నష్టమే. ఆ ఇంట్లో ఈ సాయంత్రం ఆమెకు ఏం ఎదురవుతుందో నాకు తెలుసు. తెలిసే వచ్చింది.

సబ్బు నీళ్లు కలిపాను. పాత కొలత రెండు ఆరు తీశాను. వదులైపోయింది. చెయ్యి ఎండిపోయి పిడికెడు ఎముకలు మిగిలాయి. రెండు నాలుగు తీశాను. "బిస్మిల్లా" అనుకుని మొదటి గాజు వేళ్ల మీదుగా జరిపాను. బిగుసుకుంటుందేమో అనుకున్నాను. కిష్టవ్వ చెయ్యి పూర్తిగా వదిలేసింది, పసిపిల్ల వదిలినట్టు. ఒక్కటీ చిట్లలేదు.

రెండు చేతులకూ తొడిగేసరికి వీధిలో జనం ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. ఆమె లేచి చేతులు ఒకసారి ఆడించింది. చప్పుడైంది. కర్ర అందుకుని, నన్ను తిరిగి చూడకుండా గుడి వైపు వెళ్లింది.

ఆ కడియాలు గల్లాపెట్టెలో పెట్టలేదు. అద్దాల బీరువా మీద, అందరికీ కనిపించే చోట, ఒక పళ్లెంలో పెట్టి కూర్చున్నాను. మధ్యాహ్నం జొహర్ నమాజుకు లేచినప్పుడు కూడా అక్కడే ఉంచాను. హకీం బయటకు వచ్చి ఆ పళ్లెం వంక చూశాడు, నా వంక చూశాడు, లోపలికి పోయాడు. కాసేపటికి పెరట్లో నుంచి బొగ్గు రాజుకునే వాసన వచ్చింది.

ఆ రోజు గిరాకీ ఒక్కరూ రాలేదు. చాలామంది మాత్రం ఆగి, పళ్లెం చూసి పోయారు.

పొద్దు వాలాక కిష్టవ్వ రాలేదు. భూలక్ష్మి వచ్చింది. ఒక్కతే వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. ఇంట్లో ఏం జరిగిందో, ముసలామె ఏం చెప్పిందో, చెప్పకుండానే ఏం తెలిసిందో నేను అడగలేదు. పళ్లెం ఆమె ముందుకు జరిపాను. ఆమె కడియాలు తీసుకుంది. రెండూ ఉన్నాయా అని లెక్క చూసుకోలేదు. కొంగు చివర ముడేసుకుంది. మెట్టు దిగబోయి ఆగింది.

"అత్తకు ఏ కొలత తొడిగినవు?" అంది, నా వంక చూడకుండా.

"రెండు నాలుగు."

"రెండు ఆరు గద ముందు."

"చెయ్యి సన్నబడ్డది తల్లీ."

భూలక్ష్మి ఇంకేదో అనబోయింది. ఒట్టు మాట అడుగుతుందేమో అనుకున్నాను. ఆమె అడగలేదు. తల దించుకుని, కొంగు ముడి చేత్తో పట్టుకుని, చీకటి పడకముందే ఇంటికి చేరాలన్నట్టు గబగబా నడిచిపోయింది. మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. నేను ఖాళీ పళ్లెం కడిగి, తుడిచి, మళ్లీ మోకాలి పక్కన దాని చోట దాన్ని పెట్టి, నమాజుకు లేచాను.